చిటికెడు పల్లీలు, వంద రూపాయల కాగితం

ప్రశ్న: భీమవరంలో పొద్దున పూట ఇడ్లీ, గారెల బండి పెట్టుకున్నాం. ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితం లేకపోతే బండి ఎత్తేస్తారని ఒకతను భయపెడుతున్నాడు. మూడు వేలిస్తే తనే తెచ్చిపెడతానంటున్నాడు. ఇవ్వాలా? – ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఇవ్వక్కర్లేదు. కాగితం మాత్రం తీసుకోవాల్సిందే. బండైనా, నెత్తిన గంపైనా తినుబండారం అమ్మేవాళ్ళంతా 2006 ఆహార భద్రతా చట్టం కిందికే వస్తారు. 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనలు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్నవాళ్ళను చిన్న వ్యాపారులుగా లెక్కగట్టాయి. వాళ్ళకు పెద్ద లైసెన్సు పని లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఆ నిబంధనల్లో దానికి పెట్టిన ఫీజు ఏడాదికి 100 రూపాయలు. మూడు వేలు అడుగుతున్న పెద్దమనిషి లాభమెంతో ఇడ్లీ బండి నడిపే మనిషికి లెక్కగట్టి చెప్పక్కర్లేదు.

దరఖాస్తు ఫోస్కోస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో పెట్టాలి. ఫొటో, గుర్తింపు కార్డు, వ్యాపారం వివరాలు సరిపోతాయి. ఫీజు ఎంతో అక్కడే కనబడుతుంది, చూసుకుని కట్టాలి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే సాయంత్రానికి పనైపోతుంది. 14 అంకెల నంబరుతో పత్రం వస్తుంది. దాన్ని బీరువాలో దాచకుండా, అట్టకు అంటించి బండికి వేలాడదీయాలి.

ఇంకో మాట. ఈ పత్రం తిండికి సంబంధించింది, చోటుకు కాదు. ఇది ఉన్నంత మాత్రాన బండి ఎవరూ కదపలేరనుకుంటే పొరపాటు. చోటు సంగతి చివరి ఉత్తరం దగ్గర ఉంది.

ప్రశ్న: మిరపకాయ బజ్జీలు పాత పేపర్లో కట్టిస్తే తప్పా? మా నాన్నగారి కాలం నుంచీ అలాగే ఇస్తున్నాం. – ఏలూరు

జవాబు: తప్పే. అచ్చు సిరా వేడి నూనెకు కరిగి బజ్జీకి అంటుకుంటుంది, ప్యాకేజింగ్ నిబంధనలూ దాన్ని నిషేధించాయి. విస్తరాకు ముక్క చాలు.

ప్రశ్న: తెనాలిలో ఇంటి దగ్గరే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతాను. ఈమధ్య ఒకావిడ కందిపొడి తీసుకుంటూ, "ఇందులో పల్లీలు లేవు కదా, మా బాబుకు పడవు" అని అడిగారు. కాస్త కలిసొస్తుందని గుప్పెడు వేయించి కలుపుతాం. కిలోకి గుప్పెడే కదా అని లేవన్నాను. ఆ పిల్లాడికి దద్దుర్లొచ్చి, ఆయాసపడి ఆసుపత్రి పాలయ్యాడట. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆవిడ ఫిర్యాదు చేస్తానంటోంది. ఇంత చిన్న విషయానికి కేసవుతుందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అవుతుంది. పైగా ఇది చిన్న విషయం కాదు. పల్లీ కలపడం నేరం కాదు. ఎవరి వంట వారిది. ఒక తల్లి పనిగట్టుకుని అడిగినప్పుడు లేదని చెప్పడమే ఇక్కడ జరిగిన తప్పు. కొనేవారు కోరిన స్వభావం లేని సరుకు అమ్మితే ఆహార భద్రతా చట్టం 50వ సెక్షన్ జరిమానా వేస్తుంది. చిన్న వ్యాపారులకు అందులోనే 25,000 రూపాయల హద్దు ఉంది. 65వ సెక్షన్ నష్టపరిహారం గురించి చెబుతుంది. తిండి వల్ల దెబ్బతిన్న మనిషికి లక్ష వరకు, తీవ్రమైన హాని జరిగితే మూడు లక్షల వరకు, ప్రాణం పోతే అయిదు లక్షలకు తగ్గకుండా ఇప్పించవచ్చు. ఈ మూడో మెట్టు దాకా పోకపోవడం ఆ పిల్లాడి అదృష్టం, ఈవిడ అదృష్టం కూడా.

"గుప్పెడే కదా", "వాసనకే వేశాం", "ఏరి పక్కన పెట్టేస్తే సరి"... మన వంటిళ్ళలో, హోటళ్ళలో రోజూ వినబడే ఈ మాటలు వినడానికి ఆప్యాయంగానే ఉంటాయి. అలర్జీకి ఆప్యాయత తెలియదు. కొందరి ఒంట్లోని రక్షణ వ్యవస్థ పల్లీలోని ప్రోటీన్‌ను శత్రువుగా పట్టుకుంటుంది. ఆవగింజంత చేరినా చాలు, గొంతు లోపల వాచి ఊపిరి ఆడదు, రక్తపోటు పడిపోతుంది. అలాంటప్పుడు ముందు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్. దద్దుర్ల మాత్ర వేసి చూద్దామని కూర్చోకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. మజ్జిగ తాగించడం, పసుపు రాయడం వంటివి ఆ సమయంలో ప్రాణం మీదికి తెస్తాయి.

ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద అలర్జీ వివరం ఉండాలని 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితాలో ఉన్నవి గోధుమ, బార్లీ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు-పీతలు, పల్లీలు, జీడిపప్పు-బాదం లాంటి గింజలు, సోయా. కిలోకి 10 మిల్లీగ్రాములు, అంతకు మించి సల్ఫైట్ ఉంటే అదీ చెప్పాలి. వేసిన దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాసి, "ఇందులో పల్లీలు ఉన్నాయి" అని విడిగా వేయాలి.

తెలుగు వంటింట్లో దాక్కునే సంగతులు కొన్నున్నాయి. పొడి ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదివితే చాలా రకాల్లో మైదానో గోధుమపిండో కనబడుతుంది. గోధుమ పడని మనిషికి పులిహోరలో అన్నం కాదు, ఇంగువే ముప్పు. గానుగ పల్లీ నూనెలో పల్లీ ప్రోటీన్ మిగిలిపోతుంది. నువ్వుల పొడి ఆడించిన మిక్సీ జారులోనే కందిపొడి ఆడిస్తే కందిపొడిలోకి నువ్వులొచ్చినట్టే. జారు, జల్లెడ, గరిటె విడిగా పెట్టుకోవాలి. కుదరకపోతే "పల్లీలు, నువ్వులు వాడే వంటింట్లో చేసింది" అని సీసా మీద రాయాలి. ఇది చదివి నలుగురు వెనక్కి పోతారని ఈవిడకు భయం ఉండొచ్చు. పోవలసినవాళ్ళు పోవడానికే ఆ అక్షరాలు.

తెనాలి నుంచి పచ్చళ్ళు లండన్‌కూ డాలస్‌కూ కూడా వెళ్తున్న రోజులివి. లండన్‌లో ఉంటూ ఇంట్లోనే ఆవకాయ పట్టి అమ్మే మన ఆడపడుచులు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆవాలు, నువ్వులు మన దేశపు జాబితాలో లేవు. బ్రిటన్ జాబితాలోని 14 పేర్లలో రెండూ ఉన్నాయి. అంటే ఆవపిండి, నువ్వుల నూనె పడిన ఆవకాయ సీసా మీద అక్కడ రెండింటినీ కొట్టొచ్చేలా చూపించాలి. అమెరికా 2023 జనవరి 1 నుంచి నువ్వులను తన తొమ్మిదో పేరుగా చేర్చుకుంది, ఆవాలను చేర్చలేదు.

బ్రిటన్ ఇంకా కచ్చితంగా మారడానికి ఒక పిల్ల ప్రాణం పోవలసి వచ్చింది. 2016లో నటాషా ఎడ్నన్-లాపెరూజ్ అనే 15 ఏళ్ళ అమ్మాయి హీత్రో విమానాశ్రయంలో ఒక శాండ్‌విచ్ కొనుక్కుంది. అలర్జీ ఉన్న పిల్ల కాబట్టి లేబులు చూసుకుంది. నువ్వులు బ్రెడ్ పిండిలోనే కలిసిపోయి ఉన్నాయి, లేబుల్ మీద ఆ మాట లేదు. అమ్మే చోటే తయారుచేసి కట్టిన తిండికి అప్పటి నిబంధనల్లో ఆ మినహాయింపు ఉండేది. విమానంలోనే ఆమె పరిస్థితి విషమించింది, బతకలేదు. తల్లిదండ్రుల పోరాటంతో 2021 అక్టోబరు 1న ఆ మినహాయింపు పోయింది. అక్కడి జనం దాన్ని నటాషా చట్టమనే పిలుస్తారు.

ఈవిడ చేయవలసింది ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పడం. పొడిలో ఏమేం వేశారో కాగితం మీద రాసిస్తే పిల్లాడి డాక్టరుకు అది పనికొస్తుంది. రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ వారమే చేయించుకోవాలి. మిగిలిన సీసాలకు లేబులు పడేదాకా అమ్మకం ఆపాలి.

ప్రశ్న: మాది ఒకే ఒక్క టిఫిన్ సెంటర్. మెనూ బోర్డు మీద క్యాలరీలు, అలర్జీలు రాయాలా? – ఖమ్మం

జవాబు: రాయక్కర్లేదు, ఆ నిబంధన సెంట్రల్ లైసెన్సు ఉన్నవాళ్ళకు, పది అంతకు మించి చోట్ల శాఖలున్న హోటళ్ళకు. అడిగిన మనిషికి పల్లీ చట్నీ ఏదో, కొబ్బరి చట్నీ ఏదో నిజం చెప్పే సప్లయర్ ఉంటే చాలు.

ప్రశ్న: గుడ్డు లేని మయోనైజ్ వాడుకోవచ్చా? మొమోల బండి నాది. – వరంగల్

జవాబు: తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్‌ను. హైదరాబాద్‌లో మొమోలు తిని పలువురు జబ్బుపడి, ఒక మహిళ చనిపోయిన సమయమది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే ప్రమాదం ఉంది. గుడ్డు లేనిది ఆ ఉత్తర్వు కిందికి రాదు. కాకపోతే గుడ్డు బదులు అందులో పాల పదార్థమో సోయానో పడుతుంది. ప్యాకెట్ చదివి పెట్టుకుంటే పాలు పడని పిల్లలొచ్చినప్పుడు చెప్పవచ్చు. తెరిచిన ప్యాకెట్‌ను ఎండలో బండి మీద ఉంచితే గుడ్డు లేకపోయినా పాడవుతుంది.

ప్రశ్న: మున్సిపాలిటీ వాళ్ళు నా చాట్ బండి, సరుకుతో సహా ఎత్తుకెళ్ళారు. ఎఫ్ఎస్ఎస్ఏఐ పత్రం చూపించినా వినలేదు. – విజయవాడ

జవాబు: ఆ పత్రం చూపించి లాభం లేదని పైనే తేలింది. ఇక్కడ పనికొచ్చేది 2014 వీధి వ్యాపారుల చట్టం. దాని ప్రకారం సరుకు పట్టుకున్నవాళ్ళు జాబితా రాసి ఇవ్వాలి. అడిగితే, పాడయ్యే సరుకును అదే రోజు, మిగతావి రెండు పనిదినాల్లో వదిలిపెట్టాలి. చోటు మార్చాలంటే ముందుగా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి వ్యాపార పత్రాలిచ్చే దాకా ఉన్న వ్యాపారిని ఖాళీ చేయించకూడదు. జరిమానా వేసినా రెండు వేలకు మించకూడదు.

పోనీ కాళ్ళు పట్టుకుంటే వదిలేస్తారు కదా అని చాలామంది అదే చేస్తారు. వారం తిరక్కుండా మళ్ళీ ఎత్తుకెళ్తారు. జాబితా ఇమ్మని రాతపూర్వకంగా అడగాలి. ఆ అర్జీ నకలు మీద స్టాంపు వేయించుకోవాలి. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే సభ్యులుగా ఉండాలి కాబట్టి, తమ వీధి నుంచి ఎవరున్నారో కనుక్కుని వెంట తీసుకెళ్ళాలి. సర్వే జాబితాలో పేరు ఉందో లేదో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) కార్యాలయంలో తెలుస్తుంది. లేకపోతే బండి విడిపించుకున్న రోజే పేరు నమోదుకు అర్జీ పెట్టుకోవాలి.