కీబోర్డు తీగల కూర్పు

ప్రశ్న: కచేరీలలో రెండు కీబోర్డులు వాయించెదను. తీగలు చిక్కుపడుటయే గాక, స్పీకర్లలో గుంయిమను రొద వచ్చుచున్నది. తీగలన్నిటిని ఒకే కట్టగా కట్టవచ్చునా?

జవాబు: కట్టవలదు. విద్యుత్తును గొనిపోవు తీగయు, నాదమును గొనిపోవు తీగయు చాల దూరము జతగా సాగినచో, మన విద్యుత్తునందలి 50 హెర్ట్జ్‌ల స్పందనము నాదమున సంక్రమించి మీరు చెప్పిన రొదకు హేతువగును గావున, స్టాండు యొక్క ఒక కాలివెంట విద్యుత్తు తీగలను, రెండవ కాలివెంట ఆడియో, పెడల్ తీగలను వేర్వేరుగ నడిపి, దాటక తప్పనిచోట లంబముగా దాటింపుడు. ప్లాస్టిక్ టై బిగించినచో తీగ నలిగి లోపలి కవచము చెడును. వెల్క్రో పట్టీయే మేలు. కీబోర్డు చెంత జానెడు వదులు విడువుడు. బిగువైన తీగ జాక్‌ను విఱుచును. రొద అప్పటికిని తగ్గనిచో డి.ఐ. బాక్సులోని గ్రౌండ్ లిఫ్ట్ మీటను వాడుడు గాని, ప్లగ్గులోని ఎర్తును మాత్రము ఎన్నడును తొలగింపకుడు. అది మీ ప్రాణరక్షణకై యున్నది.