పేరు ఎవరిది? – మాంచేగో చీజు వర్తకం నేర్పే పాఠం

వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులకు సరకు అనగానే తూకము, ధర, సుంకము గుర్తుకు వస్తాయి. పేరుకు కూడ వెల కలదనీ, దానికై దేశాలు ఏండ్ల తరబడి వాదులాడుకొంటాయనీ తెలుపుటకు స్పానిష్ సంప్రదాయపు చీజుల వర్తకం మంచి ఉదాహరణ.

మొదట ఒక మాట. చీజును మన పాఠ్యగ్రంథాలు జున్ను అని వ్రాస్తున్నవి. కాని మన యిండ్లలో జున్ను అంటే ఈనిన పశువు ముర్రుపాలతో వండే తీపి పదార్థం. ఒకే పేరు, రెండు వస్తువులు. మనం చర్చింపబోయే వివాదం కూడ ఇట్టిదే.

స్పెయిను నడుమ లా మాంచా అనే మెట్ట ప్రాంతం ఉన్నది. సెర్వాంటిస్ 1605లో ప్రకటించిన ‘డాన్ క్విక్సోట్’ నవలానాయకుని సీమ అదే. అక్కడి మాంచేగా జాతి గొర్రెల పాలతో చేసి, కనీసం 30 రోజులు మాగబెట్టిన చీజే మాంచేగో. 1996లో ఐరోపా సమాజం ఆ పేరును ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులకే పరిమితం చేసింది.

మెక్సికోలో కూడ మాంచేగో కలదు. స్పానిష్ వారు రాకమునుపు ఆ దేశంలో ఆవులు, పాడిగొర్రెలు లేవు. పశువులతోపాటు చీజు చేసే విద్యయు సముద్రం దాటి వచ్చినది. అయితే అక్కడి నేటి మాంచేగో ఆవుపాలతో చేసేది. మెత్తనిది, వేడికి సులభంగా కరిగేది. సామాన్య గృహిణికి అది పరాయి సరకు కాదు, ఇంటి వస్తువు.

మరి పేరు ఎవరిది? 1995లో అమలుకు వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ మేధాసంపత్తి ఒడంబడిక ద్రాక్షసారాయములకు, ఇతర మద్యములకు ఇచ్చిన గట్టి రక్షణను చీజులకు ఇవ్వలేదు. ప్రజలను మోసపుచ్చే విధంగా స్థలనామం వాడరాదన్నంత వరకే దాని నిబంధన. అందువల్ల ఐరోపా సమాఖ్య ఒక్కొక్క దేశంతో విడిగా బేరమాడవలసి వచ్చింది. 2018లో మెక్సికోతో సూత్రప్రాయంగా కుదిరిన అంగీకారంలో మధ్యేమార్గం దొరికినది: మెక్సికో ఉత్పత్తిదారులు తమ దేశంలో ఆవుపాల చీజుకు ఆ పేరు వాడుకొనవచ్చును, కాని స్పెయినును తలపించే గుర్తులు వేయరాదు.

గుర్తుల మాట చిన్నది కాదు. 2019లో ఐరోపా న్యాయస్థానం ఒక విశేషమైన తీర్పు చెప్పినది. బక్కచిక్కిన గుర్రము, రౌతు, గాలిమరల బొమ్మలు కూడ కొనేవానికి మాంచేగోను స్ఫురింపజేయగలవనియు, అది రక్షిత నామానికి భంగం కావచ్చుననియు ఆ తీర్పు సారాంశం. అక్షరం లేకున్నను బొమ్మ పేరు పలుకుతుందన్నమాట.

పేరుతోపాటు సుంకం కూడ ఆయుధమే. అమెరికా చీజును అత్యధికంగా కొనే దేశం మెక్సికో. 2018లో అమెరికా ఉక్కు, అల్యూమినియములపై సుంకం వేయగా, మెక్సికో అమెరికా చీజుపై 20 నుండి 25 శాతం వరకు సుంకం విధించినది. 2019 మే నెలలో గాని అది తొలగలేదు. ఉక్కు తగవుకు మూల్యం చెల్లించినవాడు పాడిరైతు.

ఈ వివాదం మనకు దూరపుది కాదు. 2010లో హైదరాబాదు హలీముకు మన దేశపు భౌగోళిక గుర్తింపు లభించినది. హలీముకు మూలం అరబ్బుల హరీస్. నిజాముల కాలంలో వలసవచ్చిన అరబ్బులు తెచ్చిన ఆ వంటకాన్ని ఇక్కడి వంటవారు తమ మసాలాలతో, నేతితో తమదిగా చేసుకొన్నారు. కనుక మనం ఏకకాలంలో మెక్సికో వలె పుచ్చుకొన్నవారము, లా మాంచా వలె పేరును కాపాడుకొనేవారము.

అందువల్ల ఒక పక్షం వహించి రెండవదానిని దొంగ అనుట న్యాయం కాదని మా అభిప్రాయం. విద్య మనుషులతో ప్రయాణిస్తుంది. దానిని సరిహద్దు వద్ద ఆపలేము. కాని ఏ పాలతో, ఏ సీమలో చేసినదో పొట్లంపై నిజం వ్రాయుమని అడుగవచ్చును. ఆ నిజమే గొర్రెలకాపరికి కూలి దక్కిస్తుంది, కొనేవానికి నమ్మకం కలిగిస్తుంది. రేపు వర్తకులు, అధికారులు కాబోయే మన విద్యార్థులు గుర్తుంచుకొనవలసినది ఇదే: పేరును దాచి కాపాడలేము, నిజం చెప్పి కాపాడగలము.