రిగ్ మీది ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు: స్కైడైవర్లు చేయవలసినవి, చేయకూడనివి

చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్ళిన మనవాళ్ళలో కొందరు సరదాగా ఒక టాండెం జంప్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిపి కట్టుకుని దూకడం) చేస్తారు. ఆ రుచి మరిగి శిక్షణలో చేరతారు. 25 జంపులు పూర్తిచేసి ‘ఏ’ లైసెన్సు తెచ్చుకునేసరికి సొంత రిగ్ మీద మనసు పడుతుంది. అక్కడ మొదలవుతుంది చర్చ: వెక్టరా, జావెలినా, మిరేజా? ఏది ఎక్కువ భద్రం?

ఈ ప్రశ్నకు సర్టిఫికెట్‌లో జవాబు వెతికితే దొరకదు. అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పారాచూట్లకు నిర్దేశించిన ప్రమాణం పేరు టీఎస్‌ఓ-సీ23. పేరున్న కంపెనీల రిగ్‌లన్నీ ఆ పరీక్ష గట్టెక్కినవే. ఆ ముద్ర పాసైనట్టు చెప్పే మార్కుల జాబితా, ర్యాంకు కార్డు కాదు. కాబట్టి ఒక బ్రాండును ఇంకో బ్రాండుతో పోల్చడం కన్నా, లేబుల్ మీది అంకెలను మీ బరువుతో, మీరు దూకే వేగంతో, లోపలున్న రిజర్వ్‌తో పోల్చి చూసుకోవడమే అసలు పని.

ఆ ముద్ర దేనికి వర్తిస్తుంది?

రిగ్ అంటే ఒంటికి తగిలించుకునే పట్టీల హార్నెస్, వీపు మీది కంటైనర్, అందులో రెండు గొడుగులు: మెయిన్, రిజర్వ్. టీఎస్‌ఓ ఆమోదం ఉండాల్సింది హార్నెస్‌కు, రిజర్వ్ గొడుగుకు, దాన్ని తెరిచే రిప్‌కార్డ్ లాంటి భాగాలకు. మెయిన్ గొడుగుకు ఆ ఆమోదం అక్కర్లేదు. ప్రమాదంలో దానంతటదే రిజర్వ్‌ను తెరిచే ఏఏడీ పరికరం కూడా ఆ ముద్ర పరిధిలోకి రాదు.

పరీక్షలు కఠినమైనవే. రిజర్వ్ రిప్‌కార్డ్ లాగడానికి 5 పౌండ్ల కన్నా తక్కువ బలం సరిపోకూడదు, 22 పౌండ్లకు మించి అవసరం కాకూడదు. మరీ వదులైతే దానంతటదే ఊడుతుంది, మరీ బిగుతైతే కంగారులో చేతికి లొంగదు. 300 పౌండ్ల లాగుడును ఆ రిప్‌కార్డ్ 3 సెకన్లపాటు తెగకుండా ఓర్చుకోవాలి. గరిష్ఠ బరువుతో దిగినా రిజర్వ్ కింద పడే వేగం సెకనుకు 24 అడుగులు, అంటే దాదాపు 7.3 మీటర్లు దాటకూడదు.

లేబుల్ చదివేటప్పుడు

*చేయవలసినవి*

1. సీ23 తర్వాత ఉన్న అక్షరం చూడండి. ‘బి’ కింద రెండు తరగతులు: స్టాండర్డ్, లో స్పీడ్. లో స్పీడ్ రకానికి గంటకు 150 మైళ్ళు హద్దు. 1984లో వచ్చిన ‘సి’లో మూడు కేటగిరీలు. ‘ఏ’కి 198 పౌండ్లు, 130 నాట్లు, ‘బి’కి 254 పౌండ్లు, 150 నాట్లు, ‘సి’కి 254 పౌండ్లు, 175 నాట్లు. 1994 నాటి ‘డి’ నుంచి ఈ కేటగిరీలు పోయాయి. తయారీదారే తన గరిష్ఠ బరువు, గరిష్ఠ వేగం ప్రకటించి, రెండింటికీ 1.2 రెట్ల దగ్గర పరీక్షించి నిరూపించాలి. తర్వాత 2012లో ‘ఎఫ్’ వచ్చింది.

2. మీ బరువు లెక్కలో రిగ్‌నూ కలపండి. 82 కిలోల మనిషి హెల్మెట్, బట్టలు, బూట్లతో 85 అవుతాడు. 11 కిలోల రిగ్ తగిలిస్తే 96 కిలోలు, అంటే దాదాపు 212 పౌండ్లు. 198 పౌండ్ల హద్దున్న ‘ఏ’ కేటగిరీ సామగ్రి ఈ మనిషికి పనికిరాదు. అద్దం ముందు చూసుకుంటే లావేమీ లేడు, లేబుల్ లెక్కలో మాత్రం దాటిపోయాడు.

3. వేగాన్నీ లెక్కించండి. బోర్లా పడుకున్నట్టు పడే జంప్‌లో వేగం గంటకు 190-200 కిలోమీటర్లు ఉంటుంది. తలకిందులుగా దిగే ఫ్రీఫ్లైయింగ్‌లో 240 నుంచి 290 దాకా పోతుంది. 130 నాట్లంటే 241 కిలోమీటర్లు, 150 నాట్లంటే 278. తలకిందులుగా దూసుకెళ్ళే సమయంలో ఏఏడీ రిజర్వ్‌ను తెరిస్తే, ఆ క్షణం వేగం ఈ హద్దులకు పైన ఉండొచ్చు.

4. హార్నెస్ లేబుల్, రిజర్వ్ లేబుల్ రెండూ చూసి, తక్కువ ఉన్నదాన్నే మీ హద్దుగా పట్టుకోండి. రిజర్వ్ మడిచి ఉంటుంది కాబట్టి దాని లేబుల్ చూసే అవకాశం రీప్యాక్ రోజునే, అంటే దాన్ని విప్పి మళ్ళీ మడిచే రోజునే దొరుకుతుంది. ఆ రోజు దాన్ని మడిచే లైసెన్సున్న నిపుణుడు, అంటే రిగ్గర్ పక్కన నిలబడండి.

*చేయకూడనివి*

1. ‘ఎఫ్’ ఉన్నది గొప్పది, ‘బి’ ఉన్నది పాతదని తీర్పు చెప్పకండి. పాత అక్షరం కింద ఆమోదం పొందిన డిజైన్‌ను అదే ఆమోదంతో తర్వాత కూడా తయారు చేయవచ్చు. కొత్తగా వచ్చిన రిగ్ మీద పాత అక్షరం కనబడటం తప్పు కాదు. చూడాల్సింది తయారీ తేదీ, బరువు, వేగం.

2. పరీక్షలో 1.2 రెట్లకు ఓర్చింది కదా అని ఆ మిగులును వాడుకోకండి. అది నలిగిన పట్టీల కోసం, అనుకోని కుదుపు కోసం. తిండి ఎక్కువైన ఏడాది కోసం కాదు.

3. యూరప్‌లో కొన్న రిగ్‌కు అక్కడి అనుమతి ఉన్నంత మాత్రాన అమెరికాలో నివాసముంటున్న మీరు దూకవచ్చనుకోకండి. సొంత సామగ్రితో వచ్చే విదేశీ స్కైడైవర్లకు మినహాయింపు ఉంది. అది మీ చేతిలోకి మారిన రిగ్‌కు వర్తించదు.

4. సైన్యం అమ్మేసిన సామగ్రిని టీఎస్‌ఓతో సమానమని నమ్మకండి. మన సైనిక పారాచూట్లకు బెంగళూరులోని సెమిలాక్ ఆమోదం ఇస్తుంది. అది సైన్యం అవసరాలకు సంబంధించిన వేరే ప్రమాణం.

పాత రిగ్ కొనేటప్పుడు

*చేయవలసినవి*

1. డబ్బు ఇచ్చే ముందే రిగ్గర్ చేత విప్పించండి. ఎండకు వెలిసిన పట్టీ, రంపంలా లేచిన దారపు అంచు, వెల్క్రో రాసుకుని నూగు వచ్చిన చోటు, బ్యాటరీ ఆమ్లం చిందిన మరక, తుప్పు పట్టిన కట్టు: ఇవన్నీ ఫొటోలో కనబడవు. హార్నెస్‌లో వాడే టైప్ 8 పట్టీ కొత్తలో 4,000 పౌండ్ల బలం కలది. ఆ అంకె ఎండ, మురికి, రాపిడి తాకక ముందుది.

2. మోడల్, సీరియల్ నంబరు, తయారీ తేదీ రాసుకుని ఆ మోడల్ మీద కంపెనీ ఇచ్చిన సర్వీస్ బులెటిన్లు వెతకండి. ఇదెంత ముఖ్యమో 2011 చెబుతుంది. ఆర్గస్ అనే ఏఏడీ కట్టర్ రిజర్వ్‌ను బిగించే లూపును పూర్తిగా తెంపని ఘటనలు బయటపడ్డాక, పలు హార్నెస్ తయారీ కంపెనీలు తమ కంటైనర్లలో దాన్ని అమర్చకూడదని బులెటిన్లు ఇచ్చాయి. రిగ్ బాగున్నా, అందులో అమర్చిన ఏఏడీ వల్ల ప్రశ్న రావచ్చు.

3. ఏఏడీ ఎలా పనిచేస్తుందో, దాని ఆయుష్షెంతో తెలుసుకోండి. జర్మనీ కంపెనీ ఎయిర్‌టెక్ 1991లో తెచ్చిన సైప్రెస్‌లో ఎక్స్‌పర్ట్ మోడల్, దాదాపు 750 అడుగుల ఎత్తులో సెకనుకు 35 మీటర్ల కన్నా వేగంగా పడుతుంటే పనిచేస్తుంది. స్టూడెంట్ మోడల్‌కు సెకనుకు 13 మీటర్లు చాలు. గొడుగు కింద గట్టిగా మలుపులు తిరిగేవాళ్ళు స్టూడెంట్ మోడల్ పెట్టుకుంటే అనవసరంగా రిజర్వ్ తెరుచుకునే ప్రమాదముంది.

4. రిజర్వ్ పరిమాణం కంటైనర్‌కు సరిపోతుందో లేదో కంపెనీ పట్టికలో చూడండి. పెద్ద రిజర్వ్‌ను చిన్న కంటైనర్‌లో కుక్కితే రిప్‌కార్డ్ బిగుసుకుంటుంది, రిజర్వ్‌ను బయటికి లాగే చిన్న పైలట్ చూట్ ఎగిరే దారి ఇరుకవుతుంది. చిన్నది వదులుగా ఉంటే పిన్ జారుతుంది.

5. హార్నెస్ తొడిగి, అందులో వేలాడి చూడండి. భుజాల నుంచి తుంటి దాకా వచ్చే పట్టీ మీ కొలత కాకపోతే హ్యాండిళ్ళు ఉండాల్సిన చోట ఉండవు. గొడుగు తెరుచుకున్న కుదుపుకు హార్నెస్ పైకి జరిగి, మెయిన్‌ను వదిలేసే కటవే హ్యాండిల్ చంకలోకి పోతే చూపుకూ చేతికీ దొరకదు.

*చేయకూడనివి*

1. హార్నెస్‌ను మీరే కుట్టకండి, కొలత మార్చకండి. పెద్ద మార్పులు మాస్టర్ రిగ్గర్ పనో, తయారీ కంపెనీ పనో. బ్యాగులు కుట్టే దుకాణంలో పట్టీకి మంచి కుట్టే పడొచ్చు, కానీ ఆ దారం, ఆ కుట్టు నమూనా పరీక్షకు వెళ్ళినవి కావు.

2. మురికి పట్టిందని సర్ఫ్‌లో నానబెట్టకండి. ఎలా కడగాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది.

రీప్యాక్ కార్డు, సీలు

*చేయవలసినవి:* రిగ్ జేబులో ఉండే డేటా కార్డు తీసి చదవండి. ఎవరు, ఏ తేదీన, ఎక్కడ మడిచారో అందులో ఉంటుంది. అమెరికాలో కృత్రిమ దారాల రిజర్వ్‌కు గడువు 180 రోజులు. 2008 దాకా అది 120 రోజులు. పిన్ దగ్గర ఎర్ర దారం, దాని చివర సీసపు బిళ్ళ, బిళ్ళ మీద రిగ్గర్ గుర్తు ఉండాలి. గుర్తు కార్డులోని రిగ్గర్‌తో కలవాలి.

*చేయకూడనివి:* ఒక్క రోజు గడువు దాటినా దూకకండి. దారం తెగితే మళ్ళీ ముడివేయకండి. మెయిన్ మడవడం నేర్చుకుంటే ఎవరిది వాళ్ళు మడుచుకోవచ్చు. రిజర్వ్ సంగతి అలా కాదు, అది లైసెన్సున్న రిగ్గర్ పని.

విమానం ఎక్కే ముందు

*చేయవలసినవి*

1. ఛెస్ట్ స్ట్రాప్ దారిని కళ్ళతో చూసి, వేలితో తడిమి చూడండి. పట్టీ కట్టులోకి వెళ్ళి, కదిలే కడ్డీ చుట్టూ తిరిగి, అదే దారిలో వెనక్కి రావాలి. కడ్డీ చుట్టూ తిప్పకుండా నేరుగా దూర్చినా నేల మీద లాగితే పట్టు ఉన్నట్టే అనిపిస్తుంది. గొడుగు తెరుచుకున్న కుదుపుకు జారిపోతుంది. కేవలం లాగి చూసి సరే అనుకోకూడదు.

2. మూడు రింగుల విడుదలను పరిశీలించండి. బిల్ బూత్ 1970లలో రూపొందించిన ఈ ఏర్పాటులో పెద్ద రింగులో మధ్యది, మధ్యదానిలో చిన్నది ఒరుగుతాయి. చివరికి ఒక తెల్లని లూపు, దాన్ని నిలిపే పసుపు కేబుల్. ఒక్కో రింగు భారాన్ని తగ్గిస్తూ వస్తుంది కాబట్టే మనిషి చేతి బలంతో మొత్తం మెయిన్‌ను వదిలేయగలం. రింగులు ఒకే వరుసలో ఉండాలి, లూపు నలగకూడదు, కేబుల్ మురికిగా ఉండకూడదు.

3. తొడ పట్టీలు రెండూ బిగించండి. రిజర్వ్ పిన్ నిటారుగా, పూర్తిగా లోపల ఉందా, మెయిన్ పిన్ సరిగా ఉందా, మెయిన్‌ను వదిలేయగానే రిజర్వ్‌ను తెరిచే ఆర్‌ఎస్‌ఎల్ పట్టీ కలిసే ఉందా అని వేరొకరి చేత చూపించుకోండి. ఒకసారి విమానం ఎక్కే ముందు, ఇంకోసారి తలుపు తెరిచే ముందు.

*చేయకూడనివి:* రిజర్వ్ ఫ్లాపు వదులుగా ఉన్న రిగ్‌తో విమానం తలుపు దగ్గర కూర్చోకండి. ఒక్క పిన్ జారి గొడుగు బయటికి గుంజుకుంటే మీతోపాటు విమానంలో ఉన్నవాళ్ళందరికీ ముప్పే.

టాండెం ప్రయాణికులు

*చేయవలసినవి:* అమెరికా నిబంధనల ప్రకారం టాండెం ఇన్‌స్ట్రక్టర్‌కు కనీసం 3 ఏళ్ళ అనుభవం, 500 ఫ్రీఫాల్ జంపులు, ఆ రిగ్‌కు సంబంధించిన తయారీదారు శిక్షణ లేదా ఎఫ్‌ఏఏ అంగీకరించిన కోర్సు ఉండాలి. రిగ్‌లో పనిచేసే ఏఏడీ తప్పనిసరి. ఈ రెండింటినీ అడిగి తెలుసుకోండి. మన దేశంలో టాండెం చేస్తున్నా ఇవే ప్రశ్నలు అడగవచ్చు. హార్నెస్ తొడుగుతున్నప్పుడు తొడ పట్టీలు తొడ మొదట్లోనే బిగిశాయా, మోకాలి వైపు జారుతున్నాయా చూసుకోండి. కొన్ని హార్నెస్‌లకు వెనుక నుంచి తొడ పట్టీలను పట్టి ఉంచే అదనపు పట్టీ ఉంటుంది. అది కట్టారా అని అడగండి. సన్నగా ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు, ఒళ్ళున్నవాళ్ళు మరీ అడగాలి.

*చేయకూడనివి:* బరువు తగ్గించి చెప్పకండి. ఇద్దరి బరువూ కలిపి లెక్కగట్టే రిగ్‌లో మీ మొహమాటం ఇంకొకరి ప్రాణంతో ముడిపడుతుంది. మంచి రిగ్ ఉంటే చాలని అనుకోకండి. 2016లో కాలిఫోర్నియాలోని లోడై దగ్గర టాండెం ప్రమాదంలో ఇన్‌స్ట్రక్టర్, 18 ఏళ్ళ ప్రయాణికుడు ఇద్దరూ చనిపోయారు. ఆ ఇన్‌స్ట్రక్టర్‌కు సరైన అర్హత లేదని తర్వాత తేలింది.

ఎక్కడ ఆగాలి

లేబుల్ కనబడకపోతే, సీరియల్ నంబరు కార్డుతో కలవకపోతే, గడువు దాటితే, మీ బరువు హద్దు మించితే ఆ రోజు జంప్ లేనట్టే. ఖరీదు పెట్టి కొన్నాం, వారాంతం పోతుంది, స్నేహితులంతా విమానం దగ్గర ఎదురుచూస్తున్నారు: వీటిలో ఏదీ ఆ లెక్కను మార్చదు. రిగ్గర్ ఒక్కసారి వద్దంటే కారణం అడిగి తెలుసుకోండి, బాగుచేయించండి. అదే రిగ్‌ను ఇంకో రిగ్గర్ దగ్గరికి తీసుకెళ్ళి సరే అనిపించుకోవద్దు.