తీర్మానం చదివాకే సంతకం
పంచాయతీ, మున్సిపాలిటీ వ్యవహారాలు: సందేహాలు - సమాధానాలు

తెలంగాణలో పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచాయి. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. అప్పటి నుంచి జహీరాబాద్ ప్రాంతం నుంచి, ముఖ్యంగా మొగుడంపల్లి మండలం నుంచి ఉత్తరాలు పెరిగాయి. అడిగే తీరు వేరైనా అందరి సందేహం ఒకటే: ఊరికి సంబంధించిన నిర్ణయం ఎక్కడ జరుగుతోంది, దాన్ని మనం ఎలా పట్టుకోవాలి? వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు. కోరినవారి పేర్లు, ఊర్లు ప్రచురించడం లేదు.

మా తండా పంచాయతీలో ఓటర్లు ఆరు వందల చిల్లర. మొన్న గ్రామసభకు ఇరవై మంది కూడా రాలేదు. మూడు రోజుల తర్వాత ఇంటింటికీ రిజిస్టర్ తిప్పి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. ఇది చెల్లుతుందా?
- డిగ్రీ విద్యార్థిని, మొగుడంపల్లి మండలం

చెల్లదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం గ్రామసభకు కోరం నిర్ణయించింది. ఓటర్లు 500 లోపు ఉంటే 50 మంది, 501 నుంచి 1,000 వరకు ఉంటే 75 మంది, 1,001 నుంచి 3,000 వరకు ఉంటే 150 మంది హాజరు కావాలి. మీ తండాకు 75 మంది కావాలన్నమాట. వారంతా ఒకచోట కూర్చుని, విని, మాట్లాడితేనే అది సభ. గడప గడపకూ తిప్పిన రిజిస్టర్‌లో సంతకాలు ఎన్ని ఉన్నా సభ జరిగినట్టు కాదు.

ఇదే చట్టం రెండు నెలలకోసారి, అంటే ఏడాదికి ఆరుసార్లు గ్రామసభ పెట్టాలంటోంది. పెట్టని సర్పంచ్ పదవికే ముప్పు ఉంది. పుస్తకంలో సభ జరిగినట్టు చూపాలన్న తొందర అక్కడి నుంచే వస్తుంది.

మీరు చేయాల్సింది రెండు పనులు. మొదటిది, సభ జరిగిన తేదీ, హాజరైనవారి సంఖ్య, తర్వాత సంతకాలు తీసుకున్న సంగతి రాసి కార్యదర్శికి ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. దాని నకలు మండల పంచాయతీ అధికారికి (ఎంపీవో) పంపండి. రెండోది, వచ్చే సభ తేదీ గురించి ముందే మాట్లాడండి. చెరుకు నరికే పనులకు జనం వలస పోయే రోజుల్లో, పగటిపూట సభ పెడితే కోరం ఎక్కడిది? అందరూ ఊళ్లో ఉండే రోజు చూసి, సాయంత్రం పెట్టమని, ముందు రోజే చాటింపు వేయించమని అడగండి.

మీ తండా పంచాయతీ అయిందే ఈ చట్టం వల్ల. 500 జనాభా దాటిన తండాలకు 2018లో సొంత పంచాయతీలు వచ్చాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. అంతకుముందు పెద్ద ఊరి పంచాయతీలో ఒక వార్డుగా ఉన్న తండాకు సొంత గ్రామసభ వచ్చింది. దాన్ని సంతకాల తతంగంగా మారనీయకండి.

సీసీ రోడ్డు మా గల్లీకి మంజూరైందన్నారు, పక్క గల్లీలో వేశారు. తీర్మానం చూపించమంటే కార్యదర్శి "అది ఆఫీసు రికార్డు, ఇవ్వరాదు" అంటున్నాడు.
- కిరాణా వ్యాపారి, మొగుడంపల్లి మండలం

ఆఫీసు రికార్డు కాబట్టే ఇవ్వాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద పంచాయతీకి పెట్టుకునే దరఖాస్తుకు రుసుము లేదు. మండల కార్యాలయంలో అయితే 5 రూపాయలు, జిల్లా కార్యాలయంలో 10 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

దరఖాస్తులో "మా గల్లీకి ఎందుకు వేయలేదు?" అని రాయకండి. ఎందుకు అన్నదానికి వారు జవాబు తయారు చేసి ఇవ్వనక్కర్లేదు. ఉన్న కాగితాన్నే అడగండి. ఇలా రాయవచ్చు: "సీసీ రోడ్డు పనికి సంబంధించి (1) పంచాయతీ తీర్మానం నకలు, (2) ఆ సమావేశం హాజరు పట్టిక నకలు, (3) ఏఈ తయారు చేసిన అంచనా పత్రం నకలు, (4) మెజర్‌మెంట్ బుక్‌లో ఆ పనికి సంబంధించిన పేజీల నకళ్లు, (5) బిల్లు చెల్లింపు వివరాలు ఇవ్వగలరు."

ఈ అయిదు కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే సంగతి బయటపడుతుంది. తీర్మానంలో మీ గల్లీ పేరుండి, అంచనాలో పక్క గల్లీ ఉంటే మార్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. రెండింటిలోనూ పక్క గల్లీయే ఉంటే మీకు చెప్పిన మాటే తప్పు. మెజర్‌మెంట్ బుక్‌లో పొడవు, వెడల్పు, మందం రాసి ఉంటాయి. టేపు పట్టుకుని మీరే కొలుచుకోవచ్చు.

30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు పైఅధికారికి మొదటి అప్పీలు, అక్కడా ఫలితం లేకుంటే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. కారణం లేకుండా తొక్కిపెట్టిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. నకళ్లు అక్కర్లేదు, రిజిస్టర్ చూస్తే చాలనుకుంటే తనిఖీ చేసే హక్కు కూడా ఉంది. దానికి మొదటి గంట ఉచితం.

నేను వార్డు సభ్యురాలిని, మొదటిసారి గెలిచాను. మీటింగ్‌కు మా ఆయనే పోయి కూర్చుంటున్నాడు. ఈమధ్య కింద సంతకం చేయమని ఖాళీ పేజీ ఇంటికి పంపారు. చేయనంటే "అందరూ చేశారు, నువ్వొక్కదానివే అడ్డం" అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక సోదరి, జహీరాబాద్ డివిజన్

అమ్మా, సంతకం చేయకపోవడమే సరైన పని. ఖాళీ పేజీ మీద సంతకం పెడితే, రేపు అందులో ఏం రాసినా మీరు ఒప్పుకున్నట్టే. నిధులు పక్కదారి పట్టాయని విచారణ వస్తే పిలుపు మీ పేరు మీదే వస్తుంది, మీ ఆయన పేరు మీద కాదు.

పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించారు. ఆ సీట్లో భర్తగాని, కొడుకుగాని కూర్చోవడానికి ఏ నిబంధనా లేదు. ఆయన రావచ్చు, బయట కూర్చోవచ్చు. లోపల కుర్చీ మీది. పంచాయతీ సమావేశం నెలకొకసారి జరగాలి. ఎజెండా కాగితం ముందుగా మీ చేతికి అందాలి. అందులో ఏముందో ఇంట్లో చదివించుకుని వెళ్లండి.

సమావేశంలో కార్యదర్శి తీర్మానం రాశాక "ఒకసారి చదవండి" అని అడగండి. ఇది మీ హక్కు, ఎవరూ తప్పుపట్టలేరు. మీకు సమ్మతమైతే సంతకం చేయండి. కాకపోతే మీరు వ్యతిరేకించారనీ, ఎందుకో ఒక వాక్యంలోనూ మినిట్స్‌లో రాయించి, ఆ వాక్యం కింద సంతకం చేయండి. అలిగి వచ్చేస్తే మీ అభ్యంతరం రికార్డుకెక్కదు. రాయనంటే అదే రోజు ఆ విషయం ఎంపీవోకు లిఖితపూర్వకంగా తెలపండి.

మరొక్క మాట. స్వయం సహాయక సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు పంచాయతీలో కో-ఆప్షన్ సభ్యురాలిగా ఉంటారు. ఆమెతో కలిసి వెళ్లండి. ఇద్దరు అడిగితే చదవక తప్పదు.

మోరీ కట్టించమంటే "నిధులు ఉన్నాయి గానీ ఆ పనికి వాడరాదు" అంటారు. ఉన్న డబ్బు వాడరాదనడం ఏమిటి?
- రిటైర్డ్ టీచర్, జహీరాబాద్

సగం నిజం. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం సిఫారసుతో వచ్చే డబ్బు రెండు ముక్కలుగా ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు పెట్టిన లెక్క ప్రకారం 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి మాత్రమే కట్టుబడి ఉంటుంది. మిగతా 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. జీతాలకు మాత్రం వాడరాదు.

మోరీ అంటే మురుగునీటి పారుదల. అది పారిశుధ్యమే. కాబట్టి ఆ 60 శాతంలో దానికి చోటుంది. వీధి దీపాలో సీసీ రోడ్డో అయితే 40 శాతం నుంచి చూసుకోవాలి. "వాడరాదు" అన్నప్పుడు ఏ ఖాతా, ఏ నిబంధన అని అడగండి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో మోరీ పని ఉందో లేదో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ పేరు కొట్టి ఎవరైనా చూడవచ్చు. ప్రణాళికలో లేకపోతే అదే అసలు అడ్డంకి. వచ్చే గ్రామసభలో చేర్పించాలి.

పాలకవర్గాలు లేని రెండేళ్లలో ఈ నిధులు ఆగడం కూడా నిజమే. ఎన్నికైన పాలకవర్గం ఉన్న పంచాయతీలకే ఈ గ్రాంటు ఇస్తారు. ఎన్నికలు వాయిదా పడితే నష్టపోయేది పోటీ చేసేవాళ్లు ఒక్కరే కాదు, మోరీ లేని గల్లీ కూడా.

జహీరాబాద్ పట్టణంలో 70 గజాల జాగా ఉంది. రెండు గదులు వేసుకుందామంటే "కౌన్సిల్‌లో పాస్ కావాలి" అని మధ్యవర్తి డబ్బు అడుగుతున్నాడు.
- ఆటో డ్రైవర్, జహీరాబాద్

ఇవ్వకండి. మీ ఇంటికీ కౌన్సిల్ తీర్మానానికీ సంబంధం లేదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో, గ్రౌండ్ మీద ఒక అంతస్తు వరకు కట్టుకునే ఇంటికి అనుమతి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో వివరాలిచ్చి ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అయితే మీరిచ్చే వివరాలు నిజమై ఉండాలి. స్థలం ప్రభుత్వానిదో, చెరువు శిఖమో, వివాదంలో ఉన్నదో అయితే నమోదు కాగితం మిమ్మల్ని కాపాడదు.

కౌన్సిల్ ముందుకు వచ్చేవి వేరు: బడ్జెట్, పన్నులు, టెండర్లు, పట్టణ పనులు. వాటి మీద మీ మాట చేరడానికి ఒక దారి వార్డు కమిటీలు. ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలి. ఒక్కోదానిలో 15 మంది, అందులో సగం మహిళలు. మీ వార్డులో వేశారా, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు అని మీ కౌన్సిలర్‌ను, కమిషనర్‌ను అడగండి.

పక్క మండలాల్లో నిమ్జ్‌కు భూములు తీసుకున్నారు. రేపు మా దాకా వస్తే? గ్రామసభ "వద్దు" అని తీర్మానిస్తే భూసేకరణ ఆగుతుందా?
- అల్లం రైతు, మొగుడంపల్లి మండలం

ఆ ఒక్క తీర్మానంతో ఆగదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఇదీ పరిస్థితి. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లోని 17 గ్రామాల్లో 12,635 ఎకరాలతో జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలిని (నిమ్జ్) తలపెట్టారు. అక్కడే పారిశ్రామిక స్మార్ట్ సిటీకి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కాబట్టి మీ భయం ఊరికే వచ్చింది కాదు.

2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం మంది ఒప్పుకోవాలంది. సామాజిక ప్రభావ అంచనా జరగాలంది. తెలంగాణ 2017లో చేసిన సవరణ పారిశ్రామిక కారిడార్ల వంటి ప్రాజెక్టులను ఈ రెండింటి నుంచీ మినహాయించే వీలు కల్పించింది.

ఒడిశాలోని నియమగిరిలో 2013లో 12 పల్లె సభలు బాక్సైట్ గనిని వద్దన్నాయని, గని ఆగిందని చాలామంది ఉదహరిస్తారు. అక్కడ సుప్రీంకోర్టు అటవీ హక్కుల చట్టం ఆధారంగా ఆ సభలను జరిపించింది. మన తండాల్లో గిరిజనులున్నా జహీరాబాద్ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఆ రక్షణ ఇక్కడికి అలాగే వర్తించదు.

మీ చేతిలో ఉన్నది ఇది. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక దానిలోని విషయాలను ప్రత్యేకంగా పిలిచిన గ్రామసభలో చెప్పాలి. ఆ నోటిఫికేషన్ నుంచి 60 రోజుల్లోపు మీ అభ్యంతరాలు కలెక్టర్‌కు రాసివ్వవచ్చు. ఆయన మిమ్మల్ని పిలిచి వినాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, బోరు, చెట్లు, ఏటా వేసే పంట, ఆ భూమి మీద బతికే కుటుంబాలు... అన్నీ ఆ కాగితంలో ఉండాలి. రాస్తారోకో చేసినా చేయకపోయినా 60 రోజుల గడువు మాత్రం దాటనీయకండి. గ్రామసభ తీర్మానం భూసేకరణను ఆపలేకపోయినా, కోర్టుకు వెళ్లినప్పుడు మీ అభ్యంతరానికి సాక్ష్యంగా నిలుస్తుంది.

చిన్న ప్రశ్నలు

*చెక్కు మీద సర్పంచ్ ఒక్కరే సంతకం చేయవచ్చా?* చేయరాదు. 2018 చట్టం సర్పంచ్, ఉప సర్పంచ్‌లకు ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది.

*గ్రామసభలో అర్హుల జాబితా చదివినప్పుడు మా పేరు లేదు. అక్కడే అడగవచ్చా?* అక్కడే అడగాలి. 2025 జనవరి 21 నుంచి 24 వరకు రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల కోసం జరిగిన గ్రామసభల్లో పేరు లేనివారి దరఖాస్తులు అక్కడికక్కడే తీసుకున్నారు. దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోకుండా ఇంటికి రాకండి.

*ఎవరూ పట్టించుకోకపోతే?* సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. చేతిలో కార్యదర్శికి ఇచ్చిన దరఖాస్తు నకలు ఉంటే మీ మాటకు బలం వస్తుంది.

పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ ఊళ్లో వచ్చే గ్రామసభకు వెళ్లండి, చివరిదాకా కూర్చోండి. రాసిన తీర్మానాన్ని అందరి ముందూ పైకి చదివించాకే సంతకం చేయండి.