ఎండోస్కోపీకి సంతకం పెట్టే ముందు: తరచూ అడిగే ప్రశ్నలు

గొట్టం వేసి చూస్తామంటే సంతకం పెట్టాం. లోపల పాలిప్ (కండ పెరుగుదల) కనిపిస్తే అప్పుడే కోసేయొచ్చా?

ఆ కాగితంలో ఏం రాసి ఉందో దాన్నిబట్టి. చూడడానికి ఇచ్చిన అనుమతి చికిత్సకు చెల్లదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. ఢిల్లీలో ఒకామె లోపల చూసే పరీక్షకు ఒప్పుకుంటే, మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి తీసేశారు. అది లాపరోస్కోపీ గొడవ, కానీ సూత్రం ఎండోస్కోపీకీ అదే. రక్తపు వాంతులు ఆగక ప్రాణం మీదికొస్తే సంగతి వేరు. పరీక్షకూ చికిత్సకూ ముందే కలిపి సంతకం తీసుకోవడమూ తప్పుకాదు. నన్నడిగితే చిన్న పాలిప్‌ను అప్పుడే తీయించుకోవడం మేలు: మళ్లీ విరేచనాల మందు, మళ్లీ మత్తు, మళ్లీ వైజాగ్ బస్సు తప్పుతాయి. అయితే పాలిప్ తీస్తామన్న సంగతీ, అరుదుగానైనా పేగుకు చిల్లు పడొచ్చన్న సంగతీ ముందే చెప్పి తీరాలి.

అమ్మకు చదువు రాదు. పెద్దకొడుకుని, నేను పెడితే సరిపోదా?

సరిపోదు. స్పృహలో ఉన్న మనిషి అనుమతి ఆ మనిషే ఇవ్వాలి. మన ఆసుపత్రుల్లో ముసలమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, కొడుకులు కౌంటర్ దగ్గర కాగితాల పని కానిచ్చేస్తుంటారు. ఇంగ్లీషు ఫారాన్ని తెలుగులో చదివి చెప్పమనండి. ఆమె విన్నాక వేలిముద్ర, పక్కన సాక్షి సంతకం. పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేసేది మగ డాక్టరైతే గదిలో ఆడమనిషి ఉండాలని ఆమె అడగొచ్చు.

మాది కవిటి. కిడ్నీ జబ్బుంది. కొలనోస్కోపీకి ముందు అందరికీ ఇచ్చే విరేచనాల మందే తాగాలా?

తాగకముందు క్రియాటినిన్ రిపోర్టు చూపించండి. సోడియం ఫాస్ఫేట్ ఉన్న మందు పాడైన కిడ్నీలను ఇంకా దెబ్బతీయగలదు. ఇలాంటివారికి సాధారణంగా పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఇస్తారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చినవారిని కిడ్నీ జబ్బుందా అని డాక్టరే ముందు అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి.

ఆరోగ్యశ్రీ కార్డుంటే డబ్బు కట్టాలా?

ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే మొన్నటి ఆరోగ్యశ్రీ, ప్యాకేజీలో ఉన్న చికిత్సకు నెట్‌వర్క్ ఆసుపత్రి డబ్బు అడగకూడదు. ఉత్త పరీక్షకు లెక్క వేరు కావచ్చు. ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఫిర్యాదుకు 104.

ముక్క పరీక్షకు పంపారు. వేరేచోట కూడా చూపించుకోవచ్చా?

నిరభ్యంతరంగా. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. రిపోర్టుతో సరిపెట్టుకోకుండా ఫొటోలు, స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు కూడా అడగండి. వైజాగ్ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట మళ్లీ చూడాలంటే అవే పనికొస్తాయి.

నష్టం జరిగితే ఎక్కడికి వెళ్లాలి?

డబ్బు కట్టి చేయించుకుంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి మీద అక్కడ కేసు నడవదు. సూపరింటెండెంటుకు రాసివ్వండి, పలకకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇవ్వండి. కమిషన్‌కు వెళ్లేవారు ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి.