సెలోపెహాదు కుమార్తెలు అడిగిన భాగము

పాఠ్యభాగము: సంఖ్యాకాండము 27:1–11, 36:1–12, యెహోషువ 17:1–6

మోయాబు మైదానములలో జరిగిన రెండవ జనసంఖ్యను చదువునప్పుడు మనలో అనేకులు ఆ పేరుల పట్టికను దాటిపోవుదురు. అయితే ఆ లెక్క ఊరక తీసినది కాదు. ఇరువది యేండ్లును అంతకు పైబడిన ప్రాయమును గల పురుషులను లెక్కించి, ఆ లెక్క చొప్పుననే కనానులో భూమి పంచవలెనని నిర్ణయమైనది. లెక్కలో లేనివారికి పంపకములోను చోటు లేదు. స్త్రీలను ద్వేషించి ఎవరును ఈ ఏర్పాటు చేసినట్లు కనబడదు. వారిని లెక్కింపవలెనని ఎవరికిని తోచలేదు, అంతే. అసమానత్వము సాధారణముగా ఈ విధముగానే సమాజములో ప్రవేశించును.

సెలోపెహాదు అనువానికి కుమారులు లేరనియు, అయిదుగురు కుమార్తెలు మాత్రమే కలరనియు ఆ పట్టికలోనే వ్రాయబడియున్నది. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనునవి వారి పేరులు. తరువాతి అధ్యాయములో ఈ అయిదుగురు ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను, యాజకుడగు ఎలియాజరు ఎదుటను, పెద్దలందరి యెదుటను నిలిచిరి. వారి వాదన గమనింపదగినది. తమ తండ్రి కోరహుతో కూడి తిరుగుబాటు చేసినవాడు కాడు. కుమారులు లేనంత మాత్రమున అతని పేరు వంశములో లేకుండ పోవుట న్యాయమా? గనుక తండ్రి సహోదరులతోపాటు తమకును భూమి ఇయ్యవలెను. ఇందులో బ్రతిమాలుట ఎచ్చటను లేదు. మోషేయొద్ద సిద్ధమైన జవాబును లేకపోయెను. ఆయన ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోగా, వారి మాట సరియైనదేనని తీర్పు వచ్చెను; ఆ అయిదుగురితో ఆగక, అది ఇశ్రాయేలీయులందరికి చట్టమాయెను.

అనువాదకునికి ఇచ్చట ఒక చిక్కు కలదు. ఏడవ వచనములో హెబ్రీ మూలము ఈ స్త్రీలను గూర్చి మొదట పుంలింగ సర్వనామమును, వెంటనే స్త్రీలింగ సర్వనామమును వాడుచున్నది. తెలుగులో రెంటికిని ‘వారికి’ అనుటకంటె గత్యంతరము లేదు గనుక మన చదువరికి ఆ భేదము కనబడదు. మన వ్యాకరణములోను ఒక వింత కలదు. స్త్రీవాచక పదము ఏకవచనములో జడపదార్థములతోను, బహువచనములో పురుషులతోను చేరును. బండి వచ్చినది, ఆమెయు వచ్చినది. స్త్రీలు కూడినప్పుడే ‘వచ్చిరి’ అందుము. ఈ అయిదుగురు కూడి వచ్చిరి.

అయినను దీనిని సంపూర్ణ సమానత్వమని బోధించుట వాక్యమునకు మించి చెప్పుట యగును. కుమారుడు లేనప్పుడే కుమార్తెకు స్వాస్థ్యము. ముప్పదియారవ అధ్యాయములో గిలాదు వంశపు పెద్దలు వచ్చి, వీరు వేరొక గోత్రములో వివాహము చేసికొన్నయెడల భూమి చేయి మారునని ఆక్షేపించిరి. అందుచేత వీరు తండ్రి గోత్రములోనే పెండ్లిచేసికొనవలెనని కట్టడి వచ్చెను. ఆడపిల్లకు భూమి యిచ్చిన అది పరాయి ఇంటికి పోవునను మాట మన గ్రామములలో వినని వారెవరు?

ఆ భయము మన దేశపు క్రైస్తవ కుటుంబములలోనే చట్టరూపము దాల్చిన చోటొకటి కలదు. తిరువాన్కూరు సంస్థానపు 1916 నాటి క్రైస్తవ వారసత్వ చట్టము ప్రకారము, తండ్రి వీలునామా వ్రాయక మరణించినయెడల కుమార్తెకు కుమారుని భాగములో నాలుగవ వంతు గాని, 5,000 రూపాయలు గాని, ఏది తక్కువయో అది మాత్రమే చెందును. స్త్రీధనము ముట్టినను, ఇత్తుమని మాట యిచ్చినను అదియు లేదు. కొట్టాయములో పాఠశాల స్థాపించిన మేరీ రాయ్ గారు తన తండ్రి ఆస్తి విషయమై 1983లో సుప్రీంకోర్టుకు పోయిరి. 1986 ఫిబ్రవరి 24న తీర్పు ఆమె పక్షముగా వచ్చెను. విశేషమేమనగా, న్యాయమూర్తులు స్త్రీపురుష సమానత్వమను ప్రశ్నను తేల్చలేదు. 1951 ఏప్రిల్ 1న ఆ ప్రాంతమునకు భారత వారసత్వ చట్టము వ్యాపించినప్పుడే పాత చట్టము రద్దయినదని మాత్రము చెప్పిరి. అనగా లేని చట్టమును చూపి ముప్పదియైదు సంవత్సరములు కుమార్తెలను వెలుపల నిలిపిరన్నమాట! ఆ తీర్పును సంఘములన్నియు సంతోషముతో అంగీకరించెనని చెప్పజాలము. కుమార్తెలకు భాగము రాకుండునట్లు ముందుగానే వీలునామాలు వ్రాసికొనుడని హితవు చెప్పినవారును ఉండిరి.

హక్కుకు బదులు కట్నమిచ్చిన చోట కీడు ఒక్క కుమార్తెతో ఆగదు. కట్నము ఆమె చేతికి రాదు, అత్తవారి చేతికి పోవును. ఇచ్చినది చాలదను మాట పెండ్లి పందిరిలోనే మొదలగును. 1961 నుండి వరకట్నము నేరమైనను, 2022లో ఒక్క సంవత్సరమునందే 6,450 వరకట్న మరణములు మన దేశములో నమోదైనవి. ఇక ఆస్తి కలిగిన స్త్రీల సంగతి యేమి? తిరువనంతపురము జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ అను పరిశోధకులు వివాహిత స్త్రీలను విచారించి 2005లో ఫలితములు ప్రకటించిరి. భూమియు ఇల్లును లేని స్త్రీలలో నూటికి 49 మంది భర్తల చేత దెబ్బలు తినియుండిరి. రెండును తమ పేర గలవారిలో అట్టివారు 7గురు మాత్రమే. పోవుటకు చోటున్న స్త్రీపై చేయెత్తుటకు పురుషుడు జంకునని వేరుగ చెప్పనేల?

తెలుగు క్రైస్తవులమైన మనకు తిరువాన్కూరువారి సాకు లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును గనుక, వీలునామా లేనిచో కుమారునికిని కుమార్తెకును సమభాగమే. హిందూ కుటుంబములలో ఉమ్మడి ఆస్తియందు కుమార్తెకు పుట్టుకతోనే హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుండి కల్పించెను, అప్పటికే వివాహమైనవారిని విడిచి. దేశమంతటికి అట్టి చట్టము 2005లో వచ్చినది. అయితే చట్టమిచ్చినదానిని దస్తావేజు తీసివేయుచున్నది.

నా తండ్రిగారు గతించిన మరుసటి సంవత్సరము మా అక్కగారు రిజిస్ట్రారు కచేరీలో హక్కు విడుదల పత్రముపై సంతకము చేసిరి. అప్పటికే నేను వేదాంతశాస్త్రములో పట్టము పొంది, గలతీ పత్రిక మూడవ అధ్యాయముపై ప్రసంగములు చేయుచుంటిని. ఆమె పెండ్లికి చేసిన ఖర్చుతో లెక్క తీరినదని అందరమును అనుకొంటిమి. ఆ మాగాణి వెల యెంతయో ఆమె అడుగలేదు, నేను చెప్పలేదు. మా బావగారు మరణించి ఆమె అద్దెయింటికి మారినప్పుడు గాని నాకు ఆ సంతకము జ్ఞాపకమునకు రాలేదు. ఆమె ఇష్టపడియే చేసిరని చాలకాలము నాకు నేనే చెప్పుకొంటిని. పుట్టింటి తలుపు మూసికొనునను భయముతో చేసిన సంతకమును ఇష్టమనవచ్చునా? పిమ్మట పొలములో కొంత ఆమె పేర వ్రాయించితిని. సగము కాదు, కొంత. భార్యను సహవారసురాలిగా ఎంచనివాని ప్రార్థనకు ఆటంకము కలుగునని పేతురు తన మొదటి పత్రికలో హెచ్చరించుచున్నాడు. అది భార్యలను గూర్చినదే గాని అక్కచెల్లెండ్రను గూర్చి కాదని తప్పించుకొనుట నావంటి వ్యాఖ్యాతకు సులభము.

సెలోపెహాదు కుమార్తెలకును తీర్పు వచ్చిన వెంటనే భూమి చేతికి రాలేదు. మోషే మరణించి, ప్రజలు యొర్దాను దాటి దేశము పంచుకొను సమయమున, వారు మరల ఎలియాజరు నొద్దకును యెహోషువ యొద్దకును వచ్చి ఆ ఆజ్ఞను జ్ఞాపకము చేయవలసివచ్చెను. మేరీ రాయ్ గారును తీర్పు తరువాత తన భాగము కొరకు ఇంకను అనేక సంవత్సరములు న్యాయస్థానములకు తిరిగిరి. ఆమె 2022 సెప్టెంబరు 1న మరణించిరి. యొర్దానుకు పడమట మనష్షే గోత్రమునకు వచ్చినవి పది భాగములు. ఆ పదింటిలో అయిదు ఆ అక్కచెల్లెండ్రవి.