పెద్దాపురం నుంచి యానాం: ఒక రోజు చారిత్రక యాత్ర

గోదావరి డెల్టా తీరంలోని ఐరోపా స్థావరాలను పెద్దాపురం నుంచి ఒక్క రోజులో చూసి రావచ్చు. సామర్లకోట మీదుగా కాకినాడ చేరితే మొదట వచ్చేది జగన్నాథపురం. ఇది డచ్చివారి వర్తక స్థావరం. 1825లో ఆంగ్లేయుల పరమైంది. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

తర్వాతది కోరంగి. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుమోసిన రేవు. బర్మాకు వలస వెళ్లిన తెలుగువారిని అక్కడ కోరంగీలనేవారు. 1789 తుపానుకు దెబ్బతిన్న ఊరిని 1839 నవంబరు 25న ఉప్పెన ముంచెత్తింది. మృతులు 3 లక్షలని పుస్తకాలు చెబుతాయి. దాన్ని అంచనాగానే తీసుకోవాలి. రేవు మళ్లీ కోలుకోలేదు. నేడు కోరంగి అంటే మడ అడవులు, 1978లో ఏర్పడిన అభయారణ్యం. సముద్రం వైపు హోప్ ఐలాండ్ ఉంది.

చివరి మజిలీ యానాం. ఫ్రెంచివారు 1723లో స్థావరం పెట్టి, 1727లో వదిలి, 1731లో తిరిగి వచ్చారు. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం వచ్చాక, అది వర్తించని యానానికి బాల్యవివాహాల కోసం పెళ్లిబృందాలు తరలివచ్చేవి. 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన ముగిసింది. చట్టబద్ధ విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం, మద్రాసు హైకోర్టు పరిధిలోనిది.